మామకు పెట్టిన లుంగి

మొన్న అమ్మను తీసుకొని హనుమకొండలో ఒక బట్టల షాపుకు వెళ్లాను. వచ్చే నెల మా పాపకు పుట్టువెంట్రుకలు తీయాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి తీయిస్తారు, ఆ మేనమామకు కొత్త బట్టలు పెడతారు. మా తమ్ముడికి దోతి కావాలని అడిగితే కౌంటర్ వెనక ఉన్న అమ్మాయి ఒక ప్లాస్టిక్ కవర్ తీసి బల్ల మీద వేసింది.

"రెడీమేడ్ మేడం. కట్టుకునుడు రాకున్నా ఫికర్ లేదు. నడుముకు చుట్టి గిట్ల అంటిస్తే అయిపోతది. లుంగి లెక్కనే."

"నేను దోతి అడిగిన."

"ఇప్పుడు రెండు ఒక్కటే మేడం" అని ఆ అమ్మాయి నవ్వింది.

అమ్మ కవర్ విప్పి, లోపలి బట్టను బల్ల మీద ఈ కొస నుంచి ఆ కొసదాకా పరిచి చూసి, మళ్లీ మడతపెట్టి ఇచ్చేసి, షాపు బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుంది.

ఆ అమ్మాయి తప్పేం లేదు. ఆమె వయసుకు నడుముకు చుట్టేది ఏదైనా ఒకటే. కానీ మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. ఆ రెండు బట్టలకున్న తేడా దగ్గరే మా అమ్మకు తల్లిగారిల్లు లేకుండా పోయింది. పోగొట్టింది నేను. ఆ సంగతి మొన్నటిదాకా అమ్మకు తెలియదు.

మా నాన్నను మేం బాపు అనేవాళ్లం. బాపు వారపు అంగళ్లలో బట్టల వ్యాపారి. వారంలో ఒకరోజు స్టేషన్ ఘన్‌పూర్ అంగడి, మిగతా రోజులు చుట్టుపక్కల ఊళ్ల అంగళ్లు. పొద్దున్నే మూటను బస్సు మీదికి ఎక్కించి, పొద్దుగూకేసరికి తగ్గిన మూటతో దిగేవాడు. మా ఇంటి ముందరి అర్ర నిండా బట్టలే. బడి నుంచి వచ్చి ఆ అర్రలో అడుగుపెడితే గంజి వాసన, కలరా ఉండల వాసన, బాపు తాగి పెట్టిన చాయ గ్లాసు వాసన కలిసి ముక్కుకు తగిలేవి. ఇప్పటికీ కొత్త బట్ట మడత విప్పితే ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఇప్పటి బట్టలకు ఆ వాసన లేదు.

బాపు నాకు అక్షరాల కన్నా ముందు బట్టల పేర్లు నేర్పాడు. దోతి అంటే ఎనిమిది మూరలు, తెల్లగా ఉండాలి, అంచు ఉండాలి. కుచ్చిళ్లు పోసి, వెనక గోసి దోపి కట్టేది. నలుగురిలోకి పోయేటప్పుడు కట్టేది. లుంగి నాలుగున్నర మూరలు, గళ్లది, చుట్టి ముడి వేసేది. ఇంట్లో, పొలంలో, లారీ మీద కట్టేది. అదే లుంగి రెండు కొసలు కలిపి కుట్టింది కావాలంటే వచ్చినవాళ్లు సాయబులు. వాళ్లలో ఒక ముసలాయన మాత్రం తహమత్ అనే అడిగేవాడు. లుంగి అని చేతికిస్తే తీసుకునేవాడు కాదు, తహమత్ అని ఇస్తే అదే బట్టను తీసుకొని పోయేవాడు. గుంటూరు దిక్కు నుంచి వచ్చి మా దగ్గర భూములు కొన్నవాళ్లు పంచె అనేవాళ్లు. వాళ్లకు పంచె అంటే గోసి పెట్టి కట్టేదీ కావచ్చు, ఊరికే చుట్టుకునే తెల్లబట్టా కావచ్చు. అందుకే బాపు "కట్టుకుంటరా, చుట్టుకుంటరా?" అని అడిగి అప్పుడు మూటలో చెయ్యి పెట్టేవాడు.

ఆడవాళ్ల బట్టల్లోనూ అంతే. మేము పండుగకు తొడుక్కునేది లంగ, చీర లోపల కట్టేది లోపలి లంగ. గుంటూరు దిక్కు నుంచి వచ్చినవాళ్ల ఆడపిల్లలు మొదటిదాన్ని పరికిణి అనేవాళ్లు, రెండోదాన్ని పావడ అనేవాళ్లు. బాపు తల్లి, మా బాపమ్మకు ఈ పేర్లతో పనే లేదు. ఆమె నాట్లకు పోయినా పెండ్లికి పోయినా చీరనే గోసి పెట్టి కట్టేది. "చీర లోపల ఇంకోటి కట్టుడేందే? నడుమా, వడ్ల బస్తానా?" అనేది. అమ్మ మూతి తిప్పుకొని నవ్వేది.

కరెంటు పోయినప్పుడు బాపు నాతో ఒక ఆట ఆడేవాడు. చీకట్లో నేను ఏదో ఒక బట్ట తీసి ఆయన చేతిలో పెట్టాలి. ఆయన వేళ్లతో అంచు తడిమి "ఇది లుంగి, రంగు వోయేది", "ఇది దోతి, ముసలోళ్లది, జరీ లేదు" అని చెప్పేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. నేను మోసం చేద్దామని ఒకసారి నా లంగ పెట్టాను. "గిది నా బిడ్డది, మామిడికాయ ఉప్పుకారం అంటింది" అన్నాడు.

మా మామ అంటే అమ్మకు అన్న. ఒక్కడే అన్న. హసన్‌పర్తి అవతల ఊరు, రెండెకరాల మక్క, పత్తి. నెలకోసారైనా బస్సు దిగి మా గల్లీలో నడిచి వచ్చేవాడు. ఎంత ఎండలో వచ్చినా ఆ దోతి తెల్లగానే ఉండేది. వాకిట్లో కాళ్లు కడుక్కొని, మంచం మీద కూర్చొని, బొడ్లో దోపుకున్న పల్లీలు, బెల్లం ముక్క తీసి నా చేతిలో పోసేవాడు. ఆ బెల్లానికి ఆయన చెమట ఉప్పు అంటి ఉండేది. అంత రుచి నేను మళ్లీ తినలేదు.

మామ చిన్నప్పుడు ఒక పెద్ద రైతు ఇంట్లో పాలేరుగా జీతం ఉన్నాడు. పదో ఏట నుంచి పెండ్లీడు వచ్చేదాకా. ఆ ఇంట్లో దసరాకు బట్టలు పెట్టే పద్ధతి ఒకటి ఉండేది. చుట్టాలకు, ఊళ్లో పెద్దమనుషులకు దోతులు. జీతగాళ్లకు గళ్ల లుంగి, తువ్వాల. వరుసగా నిలబెట్టి చేతుల్లోకి విసిరేవాళ్లట. జీతం మానేసి సొంతంగా రెండెకరాలు చేసుకున్న ఏడాది మామ ఘన్‌పూర్ అంగడికి వచ్చి బాపు ముందు నిలబడ్డాడు. అప్పటికి వాళ్లిద్దరూ చుట్టాలు కారు. బాపు అలవాటుగా ఒక లుంగి తీసి చూపించబోతే మామ చెయ్యి అడ్డం పెట్టి, "అన్నా, లుంగి సూపియ్యకు నాకు. సచ్చేదాక లుంగి సూపియ్యకు" అన్నాడట. ఆ మాట నచ్చి బాపు ఆయన్ను కూర్చోబెట్టి చాయ తాగించాడు. ఆ చాయతో మొదలైన పరిచయమే చివరికి అమ్మ సంబంధం దాకా వచ్చింది. ఈ ముచ్చట బాపు ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. చెప్పేటప్పుడు చెయ్యి కూడా మామలాగే అడ్డం పెట్టి చూపించేవాడు.

మామ లుంగి కట్టడని మా చుట్టాలందరికీ తెలుసు. అందరికన్నా ముందు బాపుకు తెలుసు. ఇది ఎందుకు చెప్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు తమ్ముడు పుట్టాడు. నా తర్వాత ఇద్దరు పుట్టి దక్కలేదు. వీడు దక్కితే మల్లన్న దగ్గర పుట్టువెంట్రుకలు తీయిస్తామని అమ్మ మొక్కుకుంది. ఏడాది నిండేసరికి వాడి జుట్టు భుజాల మీదికి వచ్చింది, అమ్మ రెండు పిలకలు వేసి మల్లెపూలు పెట్టేది. ఎండాకాలంలో ఒక ఆదివారం అనుకున్నారు. బాపు వరంగల్ పోయి మామ కోసం జరీ అంచు దోతి ఒకటి ప్రత్యేకంగా తెచ్చాడు. తన సరుకులోది కాదు. "బావకు అంగళ్ల అమ్మే దోతి పెడుతనా?" అన్నాడు. దాన్ని ఖాకీ కాగితంలో చుట్టి, పసుపు పూసిన దారంతో కట్టి, గూట్లో దేవుడి పటం పక్కన పెట్టాడు.

నన్ను ముట్టవద్దన్నారు. అందుకే ముట్టాను.

పండుగకు రెండు రోజుల ముందు బాపు అంగడికి పోయాడు, అమ్మ బాపమ్మతో కలిసి పక్కింట్లో పసుపు దంచుతోంది. నేను, నా దోస్తు వాకిట్లో పెండ్లి ఆట ఆడుతున్నాం. నేను పెండ్లికొడుకును. పెండ్లికొడుక్కు దోతి లేకపోతే ఎట్లా? దారం ముడి విప్పి, మామ కట్టినట్టే కుచ్చిళ్లు పోసి, గోసి దోపి, ఛాతీ ముందుకు పెట్టి నడిచాను. ఎనిమిది మూరల బట్ట పదేళ్ల పిల్లకు ఎంతని చుట్టుకుంటుంది? వెనక కొస ఈడ్చుకుంటూ పోయి, గోడకు ఆనించిన సైకిల్ పక్క నుంచి తిరిగేసరికి చైనులో పడింది. గుంజాను. చర్రుమంది. జరీ అంచు జానెడు చినిగింది, బట్ట నిండా నల్లటి చైను నూనె.

నా దోస్తు వెనక్కి చూడకుండా ఉరికింది. నేను సబ్బుతో రుద్దాను. రుద్దినకొద్దీ నలుపు పాకింది, గంజి కొట్టుకుపోయి బట్ట పేగులాగా వేలాడింది. అర్రలోకి పోయి చూస్తే దోతులన్నీ మూటలో అంగడికి పోయాయి. మిగిలినవి అమ్ముడుపోని లుంగీలు, తువ్వాలలు. తువ్వాల పలుచన. ఆకుపచ్చ గళ్ల ముతక లుంగి ఒకటి, గంజి ఎక్కువ పెట్టింది, కాగితంలో చుడితే అంతే లావు వచ్చింది. అదే పసుపు దారంతో కట్టి గూట్లో పెట్టాను. తడి దోతిని వడ్ల గుమ్మి వెనక కుక్కాను.

నా లెక్క నాకుంది. పెండ్లిళ్లలో పెట్టిన బట్టలు ఎవరూ అక్కడ విప్పరు. బొట్టు పెట్టి చేతిలో పెడితే, సంచిలో వేసుకొని ఇంటికి పోయి చూసుకుంటారు. మామ కూడా ఇంటికి పోయాక విప్పుతాడు, అప్పటికి పండుగ అయిపోతుంది, తర్వాత బాపు ఇంకో దోతి ఇస్తాడు. పుట్టువెంట్రుకలప్పుడు మేనమామ ఆ కొత్త దోతి అక్కడే కట్టుకొని పీట మీద కూర్చోవాలని నాకు తెలియదు. నాకు తీసినప్పుడు నాకు ఊహ తెలియదు, ఇంకెవరికీ తీయగా నేను చూడలేదు.

ఆదివారం పొద్దున ట్రాక్టరు డబ్బాలో గడ్డి పరిచి, మీద చాపలేసి అందరం గుడికి పోయాం. గుడి వెనక వేపచెట్ల కింద మూడు రాళ్ల పొయ్యిల మీద బగారన్నం, యాటకూర. కొత్త కుండలో బోనం వండి అమ్మ పసుపు చేతులతోనే చెమట తుడుచుకుంటోంది. మసాలా వాసన, వేపపూత వాసన, కట్టెల పొగ. నేను ఆ పొగకు కండ్లలో నీళ్లు వస్తున్నాయని చెప్పి ట్రాక్టరు పక్కనే నిలబడ్డాను. మంగలాయన కత్తి నూరుతున్నాడు. మామ వచ్చాడు. తమ్ముడి కోసం వెండి మొలతాడు, అమ్మకు ఒడిబియ్యం చీర తెచ్చాడు. అందరి ముందూ అమ్మ ఆ చీర గుండెకు హత్తుకొని చూపించింది.

బాపు మామకు బొట్టు పెట్టి, ఖాకీ పొట్లం రెండు చేతులతో ఇచ్చాడు. "కట్టుకో బావా, పొద్దెక్కుతాంది."

మామ దారం విప్పాడు. కాగితం తీశాడు. ఆకుపచ్చ గళ్లు.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. బాపు తమ్ముడు, మా చిన్నబాపు, బావల మధ్య ఉండే వేళాకోళమనుకొని పగలబడి నవ్వాడు.

"ఏందే బావా! ఎవలింట్ల జీతం కుదిరినవ్? తువ్వాల ఇయ్యలేదా ఎంబడి?"

ఇంకో ఇద్దరు ముగ్గురు నవ్వారు. మామ నవ్వలేదు. బాపు ముఖం చూశాను. ఆ ముఖంలో నెత్తురు లేదు.

"బావా, నేను దోతి వెట్టిన. జరీది. మల్లన్న మీదొట్టు, దోతే వెట్టిన. ఎట్లయిందో నాకు సమజైత లేదు."

"బట్టలమ్మెటోనివి నువ్వు" అన్నాడు మామ. గొంతు పెంచలేదు. "ఎవలన్న ఆగమై ఒకటికి ఒకటి వెడుతరు. సీకట్ల తడిమి చెప్పెటోనివి నువ్వెట్ల ఆగమైతవ్ బావా?"

"అన్నా..." అంటూ అమ్మ ముందుకు వచ్చింది.

"పిలగానికి పొద్దు మించుతాంది చెల్లె. ఇటియ్యి."

మామ ఆ లుంగిని మడతల మీద మడత సరిగ్గా పెట్టి, పీట పక్కన నేల మీద పెట్టాడు. తాను కట్టుకొచ్చిన దోతితోనే కూర్చొని తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకున్నాడు. వాడు ఏడుస్తుంటే బొడ్లోంచి బెల్లం తీసి నోట్లో పెట్టాడు. మూడు కత్తెరలు తాను వేశాడు, మిగతాది మంగలాయన తీశాడు. అయిపోయాక తమ్ముడి గుండు మీద చెయ్యి పెట్టి, అమ్మ చేతికి ఇచ్చి, "సల్లగుండాలె" అన్నాడు. కూర దించారు, ఇస్తరాకులు వేస్తున్నారు. మామ దోతి కుచ్చిళ్లు దులుపుకొని రోడ్డు దిక్కు నడిచాడు. అమ్మ గుండు పిల్లాణ్ణి ఎత్తుకొని కొంత దూరం వెంట ఉరికింది. అన్నా, ఒక్క బుక్క తిను అన్నా అని. ఆయన ఆగలేదు. నేను ట్రాక్టరు చక్రం వెనక నిలబడి ఉన్నాను. ఒక్క మాట అంటే చాలు. బాపు నన్ను కొడతాడని కూడా కాదు, అందరి ముందు కొడతాడని భయపడ్డాను.

ఆ కూర నేను తిన్నాను. ఇది రాయకుండా ఉండలేను. అడిగి మరీ ఇంకో ముక్క వేయించుకున్నాను.

ఇంటికి వచ్చాక బాపు అర్రంతా విప్పి కింద పోసి వెతికాడు. ప్రతి తాను, ప్రతి మడత. జరీ దోతి దొరకలేదు. రెండు రోజులయ్యాక "నేనే ఆగమైన కావచ్చు" అన్నాడు. ఆ తర్వాత ఆయన చేతులు మారిపోయాయి. అంగట్లో ఎవరు దోతి అడిగినా తీసి, విప్పి, వెలుగులో పట్టి చూసి, మళ్లీ మడిచి, మళ్లీ విప్పి చూసి ఇచ్చేవాడు. "ఏందే, పెండ్లిపిల్లను సూసినట్టు సూస్తానవ్" అని జనం నవ్వేవాళ్లు. చీకట్లో ఆట మళ్లీ ఆడలేదు. నేనొకసారి కరెంటు పోయినప్పుడు ఒక బట్ట చేతిలో పెడితే, "దీపం తేపో బిడ్డా" అన్నాడు.

గుమ్మి వెనక దోతిని బాపమ్మ చూసింది. వడ్లు తీయడానికి పోయి, ఎలుక చచ్చిందేమోనని వాసనకు వెతికితే దొరికింది. నన్ను పిలిచి చూపించింది. నేను ఏడ్చాను. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. తలుపు దగ్గరికి వేసి వచ్చి, ఆ దోతిని పర్రుపర్రున చింపి తమ్ముడి కింద వేసే పొత్తిగుడ్డలు చేసింది.

"ఎవలకన్న చెప్తివో సూడు. అయిందేదో అయింది. ఆడు రాకుంటే రాకపాయె. వచ్చినప్పుడల్ల మీ అమ్మ నా ముంగట చెల్లె, చెల్లె అన్పించుకునుడు, నేను వంటింట్ల ఉడుకుడు. జర నిమ్మలమైంది ఇల్లు."

ఆమె అంత మాట ఎందుకన్నదో అప్పుడు తెలియలేదు. నేను బతికిపోయాననుకున్నాను, అంతే. ఇప్పుడు నా పాపను చూస్తూ ఆలోచిస్తే భయమేస్తుంది. పెద్దవాళ్లు తమకోసం దాచిన మాటను పిల్లల నోట్లో ఎంత తేలికగా కుక్కుతారో. పాప ఊపిరి సరిగ్గా ఆడుతోందా అని ఇందాకే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చాను. రోజూ నాలుగుసార్లు చూస్తాను. మా ఆయన నవ్వుతాడు.

ఆ వానాకాలం మొదట్లో బాపు కొత్త జరీ దోతి కొని, నన్ను వెంటబెట్టుకొని మామ ఊరికి పోయాడు. అమ్మ రాలేదు. "అన్న పిలిస్తే పోత" అన్నది. నన్ను ఎందుకు తీసుకుపోయాడంటే మామకు నేనంటే ప్రాణం, నన్ను చూస్తే కరుగుతాడని. బస్సు దిగి పత్తి చేల మధ్య నడిచాం. మామ వాకిట్లో మంచం వేశాడు. అత్త మంచినీళ్లు ఇచ్చింది. బాపు పొట్లం విప్పి, ఈసారి తానే విప్పి చూపించి, మంచం మీద పెట్టాడు.

"దోతులున్నయి బావా నాకు" అన్నాడు మామ. "నేను దోతి కోసం అలిగిన అనుకుంటానవా?"

"తప్పయింది. నేనే ఆగమైన."

"గదే వద్దన్న. ఆగమైన అనకు. నువ్వు ఆగమైతవంటే నేను నమ్మ. ఎవలన్న మార్చిన్రా, ఇంట్ల ఎవలన్న కావాలని వెట్టిన్రా, గది చెప్పు. నవ్వులాటకు వెట్టిన అనన్న చెప్పు, తిట్టి ఊకుంట. ఎట్లచ్చిందో చెప్పు బావా. అంతకు మించి నాకేం వద్దు."

బాపుకు తెలిస్తే కదా చెప్పడానికి. మామ నా దిక్కు చూశాడు. చేత్తో దగ్గరికి పిలిచి, బొడ్లో చెయ్యి పెట్టి పల్లీలు తీశాడు.

"ఏం బిడ్డా, గట్లున్నవ్? జరమచ్చిందా?"

నా దోసిట్లో పల్లీలు పడ్డాయి. పైన బెల్లం ముక్క. మామ ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. మీసంలో తెల్ల వెంట్రుక ఒకటి కనిపించింది. అడిగింది నన్నే అన్నట్టుంది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. బాపమ్మ మాట గుర్తొచ్చిందో, బాపు ముందు చెప్పడానికి సిగ్గేసిందో, బెల్లం నోట్లో పెట్టుకున్నాను.

వచ్చేటప్పుడు అత్త ఆ పొట్లాన్ని తెచ్చి బాపు సంచిలో పెట్టింది. బస్సులో బాపు కిటికీ దిక్కు తిరిగి కూర్చున్నాడు.

బతుకమ్మ పండుగకు అమ్మ తల్లిగారింటికి పోలేదు. ఎవరూ తీసుకపోవడానికి రాలేదు. సద్దుల రోజు మా గల్లీ ఆడవాళ్లంతా పూలు పేర్చుకుంటుంటే అమ్మ అర్రలో కూర్చొని లుంగీలు మడతపెట్టింది. మరుసటి ఏడాదీ పోలేదు. పుట్టింటి ఒడిబియ్యం పోసేవాళ్లు లేరు. అమ్మ బాపుతో పోట్లాడలేదు, అదే ఎక్కువ భయంగా ఉండేది. అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, మాట మాత్రం పనిదాకానే. నేను విన్న వాళ్ల నవ్వులన్నీ అంతకు ముందటివే.

నేను డిగ్రీలో ఉండగా మామ వరంగల్ దవాఖానలో పోయాడు. కబురు ఆలస్యంగా వచ్చింది. అమ్మ పోయేసరికి ఇంటి ముందు అంతా అయిపోయి, మంచం కడిగి ఎండబెట్టారు. బాపు పోయి రెండేళ్లయింది. ఇప్పుడు అమ్మ సుబేదారిలో తమ్ముడి దగ్గర ఉంటోంది. పాప కోసం వారానికి రెండుసార్లు మా ఇంటికి వస్తుంది.

షాపు మెట్ల మీద నుంచి అమ్మను లేపి ఇంటికి తీసుకొచ్చాను. పాపకు తినిపిస్తూ ఉంది. నేను ఎదురుగా కూర్చున్నాను. చెప్పాలని అనుకొని కూర్చోలేదు. మాట దానంతటదే వచ్చింది.

"అమ్మా, ఆ లుంగి బాపు పెట్టలే. నేను పెట్టిన."

ఏ లుంగి అని అమ్మ అడగలేదు. మా ఇంట్లో ఆ లుంగి ఒక్కటే. మొత్తం చెప్పాను. పెండ్లి ఆట, సైకిల్ చైను, గుమ్మి, బాపమ్మ. పాప నోటి దగ్గర చెంచా ఆగిపోయింది. పాప చెయ్యి చాపి దాన్ని లాగుతోంది.

"మీ మామ పోయేనాటికి నువ్వు కాలేజీల ఉన్నవ్" అన్నది చివరికి.

"ఊఁ."

"అప్పుడెరుకేనా నీకు?"

"ఎరుకే."

"మీ బాపు దవాఖానల పన్నెండు దినాలున్నడు. పక్కనే కూసున్నవ్ గదా."

నేను కింద పడిన మెతుకులు ఏరాను.

"ఆయన ఒకనాడు పిలగాని తల మీద చెయ్యి వెట్టిండు. 'వీని మీదొట్టు, నేను దోతే వెట్టిన, నన్ను నమ్ము' అన్నడు. అబద్ధం ఒట్లు పిలగాని మీద వెయ్యకు, ఇప్పటికే ఇద్దరు పోయిన్రు అని నేను ఆయన చెయ్యి తీసి పారేసిన. మళ్ల ఎన్నడు ఎత్తలే ఆయన ఆ ముచ్చట. సచ్చేదాక ఎత్తలే. నా అన్నను కావాలనే అవమానం చేసిండని అనుకుంటనే ఆయన పక్కన ఇన్నేండ్లు పండుకున్న, లేచి వండి పెట్టిన. ఒక్కనాడు నమ్మలే." పాప మూతి కొంగుతో తుడిచింది. "ఇప్పుడు ఎవలకు చెప్పాలె నేను?"

నన్ను తిట్టమన్నాను. కొట్టమన్నాను కూడా, చిన్నపిల్లలాగా. అమ్మ గిన్నె కడిగి బోర్లించి, చెప్పులేసుకొని ఆటో ఎక్కి వెళ్లిపోయింది. నాలుగు రోజులైంది. ఫోన్ చేస్తే ఎత్తుతుంది, పాప తిన్నదా అని అడుగుతుంది, పెట్టేస్తుంది.

ఆ గుడి వెనక నేను నోరు తెరిచి ఉంటే ఏమయ్యేది? నాలుగు దెబ్బలు పడేవి. మామ ముందు ఉలిక్కిపడి, తర్వాత పెద్దగా నవ్వి నన్ను బాపు చేతుల్లోంచి లాక్కునేవాడు. బాపు ఆయన్ను సముదాయించి పీట మీద కూర్చోబెట్టేవాడు. మధ్యాహ్నానికి అందరం ఒకే చాప మీద కూర్చొని కూర తినేవాళ్లం. ఆ రోజు నేను తప్పించుకున్న దెబ్బలు ఎక్కడికీ పోలేదు. ఇన్నేళ్లు దాచి దాచి, కొట్టే బాపూ ఓదార్చే మామా ఇద్దరూ లేని వయసులో, తీసుకొచ్చి మా అమ్మకు తగిలించాను.